ఎలక్ట్రాన్ వివర్తన అనుకరణ

స్ఫటికం గుండా ఎలక్ట్రాన్ పుంజం ప్రసరించినపుడు ఏర్పడే చుక్కల చిత్రాన్ని కంప్యూటరుతో లెక్కించి గీయుటను ఎలక్ట్రాన్ వివర్తన అనుకరణ అంటారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో లభించిన చిత్రాన్ని ఈ లెక్కతో పోల్చి, నమూనా ఏ పదార్థమో, దాని స్ఫటికం ఏ దిశలో ఉన్నదో నిర్ధారిస్తారు.

నేపథ్యం

1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్, బ్రిటన్‌లో జి.పి.థామ్సన్ ఎలక్ట్రాన్ వివర్తనాన్ని ప్రయోగాల ద్వారా నిరూపించారు. ఇందుకు డేవిసన్, థామ్సన్‌లకు 1937లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1928లో హాన్స్ బెథే, స్ఫటికంలో ఎలక్ట్రాన్లు పలుమార్లు పరిక్షేపణం చెందుటను లెక్కలోకి తీసుకునే డైనమికల్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. 1957లో కౌలీ, మూడీ స్ఫటికాన్ని పలుచని పొరలుగా ఊహించి, ఒక్కొక్క పొరకు వరుసగా గణించే మల్టీస్లైస్ పద్ధతిని ప్రచురించారు.

చుక్కల స్థానాలు

చుక్కల స్థానాలను నిర్ణయించుటకు జ్యామితి చాలు. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యాన్ని కెమెరా పొడవుతో గుణించి, స్ఫటిక తలాల మధ్య దూరంతో భాగించిన యెడల, కేంద్రం నుండి చుక్కకు గల దూరం లభిస్తుంది. ఉదాహరణకు 200 కిలోవోల్టుల వద్ద తరంగదైర్ఘ్యం 0.00251 నానోమీటర్లు. సిలికాన్ 111 తలాల మధ్య దూరం 0.3136 నానోమీటర్లు. కెమెరా పొడవు 1000 మిల్లీమీటర్లయితే ఆ చుక్క కేంద్రం నుండి సుమారు 8 మిల్లీమీటర్ల దూరంలో కనిపిస్తుంది.

చుక్కల తీవ్రత

ప్రతి ఎలక్ట్రాన్ ఒక్కసారి మాత్రమే పరిక్షేపణం చెందుతుందని భావించే పద్ధతిని కైనమాటిక్ పద్ధతి అంటారు. ఇది సులభమైనది, కాని మిక్కిలి పలుచని నమూనాలకే సరిపోతుంది. ఎలక్ట్రాన్లు పరమాణువులతో ఎక్స్-కిరణాల కంటే ఎంతో బలంగా చర్య జరుపుట ఇందుకు కారణం.

సిలికాన్‌లో 002 చుక్క ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని పరమాణువుల అమరిక వలన కైనమాటిక్ లెక్కలో ఈ చుక్క తీవ్రత సున్నా. అయినను 110 దిశలో చూచినపుడు అది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక 111 రకపు తలాల సమూహం వలన మళ్ళిన పుంజం, అదే రకపు మరొక సమూహం వలన తిరిగి మళ్ళి 002 స్థానానికి చేరుతుంది. ఈ విషయం గమనించనిచో నమూనాలో వేరొక పదార్థం ఉన్నదని పొరబడే అవకాశముంది. ఆ చుక్కల వరుసనే అక్షంగా చేసుకొని స్ఫటికాన్ని తగినంత త్రిప్పినపుడు 111 చుక్కలతో పాటు 002 కూడా మాయమవుతుంది. డైనమికల్ లెక్క ఈ మార్పును ముందుగానే చూపగలదు.

సాఫ్ట్‌వేరు

ఏకకణ కొలతలు, పరమాణువుల స్థానాలు, వోల్టేజి, పుంజం దిశ, నమూనా మందం ఇచ్చినచో సాఫ్ట్‌వేరు చిత్రాన్ని గీస్తుంది. స్విట్జర్లాండుకు చెందిన పియర్ స్టాడెల్‌మాన్ రూపొందించిన జెమ్స్ వీటిలో ఒకటి. వేర్వేరు స్ఫటికాలు ఒక దిశలో ఒకే విధమైన చిత్రాన్ని ఇవ్వవచ్చును. కావున ఒక్క చిత్రం సరిపోలినంత మాత్రాన నిర్ధారణకు రాక, పలు దిశలలో పోల్చి చూడవలసి ఉంటుంది.