కృష్ణపట్నం నుంచి పులికాట్ దాకా: ఒక్క రోజులో 400 ఏళ్లు

"అన్నా, మీ కృష్ణపట్నంలో చూడ్డానికి ఏముంది, బొగ్గూ క్రేన్లూ తప్ప?" అని చాలామంది అడుగుతుంటారు. నిజమే, ఇప్పుడున్న పోర్టు 2008లో మొదలైంది. సరదాగా తిరిగి చూసే చోటు కాదది. కానీ ఇక్కడ బండెక్కి దక్షిణంగా పోతే, అసలు ఈ తీరానికి ఓడలు ఎందుకొచ్చాయో తెలుస్తుంది. పొద్దున్నే బయల్దేరండి.

మొదట దుగరాజపట్నం. 1626లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో దీని పేరు అర్మగాన్. ఇప్పుడు వెళ్తే పెద్ద కోటేం కనపడదు, ముందే చెప్తున్నా. కానీ ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే అధికారే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ వెళ్లి, 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. ఇచ్చింది దామెర్ల నాయకులు, తెలుగువాళ్లే. అంటే చెన్నై కథలో ఒక పేజీ మన నెల్లూరు తీరంలో ఉందన్నమాట.

రెండోది శ్రీహరికోట. ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క పులికాట్ సరస్సు, మధ్యలో సన్నటి దీవి. సూళ్లూరుపేట నుంచి రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో అయితే ఫ్లెమింగోల కోసం ఆ రోడ్డు మీద బండి ఆపకుండా ఉండలేరు. రాకెట్ ప్రయోగం చూడాలంటే మాత్రం ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఊరికే వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

మళ్లీ హైవే ఎక్కి తడ దాటి, పొన్నేరి మీదుగా పులికాట్ ఊరికి రండి. అది తమిళనాడులో ఉంది. 1613లో డచ్చివాళ్లు ఇక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఎందుకంటే ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది మన తీరపు బట్టలు. మలేషియాలో గళ్ల లుంగీని ఇప్పటికీ 'కైన్ పెలికట్' అంటారు. ఆ పేరు ఈ ఊరిదే.

కోట ఇప్పుడు దిబ్బ. సమాధుల తోట మాత్రం నిలిచింది. గేటుకి అటూ ఇటూ రాతి అస్థిపంజరాలు. అందరూ అక్కడ సెల్ఫీ దిగుతారు, నేనూ దిగా. కానీ ఒక విషయం తెలిశాక ఆ ఫోటో పెట్టబుద్ధి కాలేదు. ఇదే రేవు నుంచి బట్టలతోపాటు మనుషుల్నీ బానిసలుగా బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఎక్కించారు. కరువొచ్చిన ఏళ్లలో ఆ అమ్మకాలు ఇంకా పెరిగాయి. తిండిలేక పిల్లల్ని అమ్ముకున్నారు, తమని తామే అమ్ముకున్నారు. కొన్నవాళ్ల సమాధుల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. అమ్ముడుపోయినవాళ్లకి అక్కడ ఒక్క రాయి కూడా లేదు. అక్కడికెళ్తే వాళ్లని కూడా ఒక్క నిమిషం తలుచుకోండి.

చివరిగా ఒక మాట. సరస్సులో లైఫ్ జాకెట్ లేకుండా ఎవరు పిలిచినా పడవెక్కొద్దు. 2011 డిసెంబరులో ఇక్కడే పడవ మునిగి 20 మందికి పైగా పోయారు. జాగ్రత్తగా వెళ్లి, జాగ్రత్తగా రండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.