బడికి క్రొత్తభవనము – తల్లుల పని

జంగారెడ్డిగూడెముననైనను, మరి యే యూరనైనను సర్కారుసొమ్ముతో గట్టిన పాఠశాలాభవనమునకు ప్రారంభోత్సవము జరుగునాడు తోరణములు, ఉపన్యాసములు కన్నులపండువుగానే యుండును. కాని మేము మొదట జూడగోరునది బాలికల మరుగుదొడ్డి, అందలి నీటికుళాయి. ఇవి లేనిచో నీడు వచ్చిన పిల్లలు నెలనెలయు గొన్నిదినములు బడి మానుదురు. కొందరు తుదకు చదువే మానుదురు.

1874లో కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిననాడు ఆడపిల్లను బడికి బంపించుటయే కష్టము. నేడు ఆమెను బడిలో నిలుపుట ముఖ్యము.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019 నవంబరు 14న ఒంగోలులో నారంభించిన ‘మనబడి నాడు–నేడు’ పనులలో నీటివసతిగల మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుద్దీపములు, ప్రహరీగోడలు చేరియుండెను. తొలివిడత పనులను 2021 ఆగస్టు 16న తూర్పుగోదావరిజిల్లా పి.గన్నవరము మండలమున నాటి ముఖ్యమంత్రి ప్రజల కంకితము చేసిరి. ఆ పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే జరిగెను.

కట్టుట యొకయెత్తు, కాపాడుకొనుట యొకయెత్తు. పొగాకుపనుల దినములలో జంగారెడ్డిగూడెపు తల్లులకు దీరిక దొరకుట దుర్లభమని మే మెరుగుదుము. అయినను 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలా యాజమాన్యసంఘమున సగము స్థానములు స్త్రీలకే యిచ్చినది. బడికి వచ్చిన సొమ్ము ఎట్లు వ్యయమగుచున్నదో చూచు నధికారము నా సంఘమునకు గలదు. ఆ స్థానమును పేరునకు మాత్రమే యుంచుకొనక, నెలకొకసారియైనను బోయి కుళాయి త్రిప్పి చూడుడు. నీరు వచ్చెనా, మన యాడపిల్లలకు నిజమైన ప్రారంభోత్సవ మదియే.