సీతాఫలం నూలెక్కే దారి

చీరలకు డిజైన్లు గీయడం నా వృత్తి. పోచంపల్లి, పుట్టపాక వైపు ఇకత్ నేసేవాళ్లతోనే పని ఎక్కువ. అచ్చు బట్టకు గీయడం ఇంతకంటే తేలిక అంటాను, ఆ పని చేసేవాళ్లు కోప్పడినా సరే. అక్కడ బట్ట ముందే సిద్ధంగా ఉంటుంది. ఇకత్‌లో బట్ట పుట్టకముందే బొమ్మ నూలులోకి చేరాలి. దారాలను కట్టలుగా చేసి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి, రంగులో ముంచుతారు. ఇదే చిటికి కట్టడం.

ఈమధ్య ఒక నూలు చీరకు సీతాఫలం ఎంచుకున్నాను. పండును ఎదురుగా పెట్టుకుని పెన్సిల్‌తో గీస్తూ పోతే పేజీలు నిండాయి గానీ పండు పండులాగే ఉంది, చీరకు పనికొచ్చేది ఏదీ దొరకలేదు. పండు మాగి కళ్లు విచ్చాక సంగతి తెలిసింది. నాకు కావలసింది పండు కాదు, కంటికీ కంటికీ మధ్య తేలే ఆ లేత పసుపు గీతలు. పండు ఆకారం వదిలేసి ఆ అల్లికనే పేజీ అంతా పరిచాను. బొమ్మలు గీయడం నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే: చూసిన వస్తువును దింపేయకండి, అందులో మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని పట్టుకోండి.

తర్వాత గ్రాఫ్ కాగితం. ఒక్కో వరుస గడులు పేకలో ఒక్కో దారాల కట్ట. గుండ్రటి కన్ను గడుల్లోకి దిగగానే మెట్లు మెట్లుగా మారిపోతుంది. గడిని సగానికి తగ్గిస్తే వంపు నున్నగా వస్తుంది కానీ, నిలువునా అడ్డంగా రెండింతలై, గడులు నాలుగు రెట్లవుతాయి. కట్టే పనీ ఆ లెక్కనే పెరుగుతుంది. చిటికి కట్టే పెద్దాయన నా కాగితం చూసి, "అమ్మా, ఈ వంపు నీకు పెన్సిల్‌తోని వచ్చింది, నాకు రబ్బరుతోని రావాలె గదా" అన్నాడు. కన్నును పలక ఆకారానికి మార్చాను. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి అంచులు కాస్త చెదిరి ఆ పలకే మెత్తబడుతుంది. ఇకత్ అందమంతా ఆ చెదరడంలోనే ఉందని నా నమ్మకం.

రంగుల్లో మన ఇష్టం కంటే వరుసకే పెత్తనం. లేతది ముందు, ముదురుది తర్వాత. నూలంతా మొదట లేత పసుపులో ముంచి, గీతలు రావలసిన చోట కట్టేస్తారు. తర్వాత నీలంలో ముంచితే మిగిలింది ఆకుపచ్చగా తిరుగుతుంది. కళ్ల చోట కట్టి నలుపులో ముంచితే నేల నలుపవుతుంది. మధ్యలో ఎక్కడైనా ఎర్రచుక్క కావాలంటే ఆ చోటును తెల్లగా దాచి ఉంచి, చివర్లో దాన్ని విప్పి, తక్కినదంతా కప్పాలి. అందుకే ఎరుపును అంచుకు తోశాను. అక్కడ పడుగులో ఎర్ర దారాలు కలిపితే సరిపోతుంది.

కాగితం మీద ఎంత బాగున్నా నూలుతో చూడందే నమ్మలేం. అట్టముక్కకు రంగు దారాలు పక్కపక్కన చుట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తాను. దగ్గర్లో విడివిడిగా కనిపించే పసుపు, ఆకుపచ్చ దూరానికి కలిసిపోయి మూడో రంగైపోతాయి. పడుగు ప్రభావం ఇంకా ఎక్కువ. అదే పేకను నల్ల పడుగులో నేస్తే ఆకుపచ్చ మసకబారింది, తెల్ల పడుగులో పాలిపోయింది, ముదురు ఆకుపచ్చలో నిలబడింది. పట్టుతోనైతే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. పత్తికి పట్టిన రంగు పట్టుకు అదే తీరుగా పట్టదు.

నూలును ముందే సిద్ధం చేయడంలో తేలియా రుమాలును మించింది లేదు. చీరాలలో పేరుపొంది పుట్టపాకలో నిలిచిన ఆ నేతలో, నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నూలును నానబెట్టి ఆరబెడతారు. ఎరుపు అంత లోతుగా పట్టేది అందుకే. పడుగు, పేక రెండింటికీ చిటికి కడతారు గనుక రెండు బొమ్మలూ మగ్గం మీద సరిగ్గా కలవాలి.

కట్టడానికి ముందు పేక నూలును మేకుల చుట్టూ పోసే ఆసు పని ఆడవాళ్ల భుజాలను అరగదీసేది. తల్లి కష్టం చూడలేక చింతకింది మల్లేశం ఆమె పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. డిజైన్ గీసే మాలాంటివాళ్ల కంటే ఇకత్‌కు ఆయన చేసిన మేలే పెద్దది.

ఇక కొనేవాళ్లకు ఒక్క మాట. ఇకత్ పేరుతో అచ్చు బట్ట కూడా అంగళ్లలో ఉంది. చీరను తిరగేసి చూడండి. అచ్చు బట్ట వెనకవైపు చాలావరకు వెలిసినట్టుంటుంది. నేసిన ఇకత్‌కు రెండు వైపులా రంగు ఒకటే.