ఒక యంత్రము, రెండు వ్యవస్థలు

మాఘ ఫాల్గుణములు వచ్చినచో గుంటూరు మిర్చి యార్డునకు టిక్కీలును, అరండల్‌పేట అచ్చు దుకాణములకు శుభలేఖలును ఒక్కసారిగా వచ్చి పడును. కమిషను వ్యాపారి లెక్కలు టాలీలో నుండును. శుభలేఖ పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చబడును. ఇవన్నియు విండోసు కొరకు వ్రాయబడినవే. పేజ్‌మేకరు చివరి రూపము 2001లో వెలువడినది. పిమ్మట దానిని తయారు చేసినవారే దానిని విడిచిరి. మనవారు మాత్రము విడువలేదు.

ఇప్పుడొక చిక్కు వచ్చినది. విండోసు పదికి సాధారణ రక్షణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పదకొండవదానికి క్రొత్త తరము ప్రాసెసరును, టి.పి.యం. అను రక్షణ భాగమును కావలెను. నిక్షేపముగా పనిచేయుచున్న పాత యంత్రములు అనేకము ఈ పరీక్షలో నెగ్గలేవు. వాటిని పారవేయుటయా? లేక రక్షణ లేని వ్యవస్థతోనే బ్యాంకు పనులు సాగించుటయా? ఈ రెండును గాక వేరొక మార్గము కలదు. పాత విండోసును దాని డ్రైవులో అట్లే ఉంచి, ఇంటర్నెట్టు తీసివేసి, దుకాణపు పనికి మాత్రము వాడుకొనవలెను. రెండవ డ్రైవు నొకదానిని అమర్చి, అందు లినక్సును నెలకొల్పి, ఉత్తరములు, బ్యాంకు, పిల్లల చదువు అందు సాగించుకొనవచ్చును. లినక్సునకు మూల్యము లేదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానిని ఆరంభించెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కనబడు లినక్సును సిద్ధపరచిరి.

ఒకే డ్రైవును రెండు భాగములు చేసి రెండు వ్యవస్థలను పెట్టరాదా యని కొందరు అడుగుదురు. పెట్టవచ్చును. కాని అది అన్నదమ్ములు వేరుపడి, ఒకే యింటికి నడుమ గోడ పెట్టుకొని, వీధి తలుపు మాత్రము ఉమ్మడిగా ఉంచుకొన్నట్లు. యంత్రమునకు విద్యుత్తు అందగానే యు.ఇ.ఎఫ్.ఐ. అను మూల కార్యక్రమము మొదట మేల్కొనును. డ్రైవులో చిన్న భాగమున దాచబడిన బూట్‌లోడరును వెదకి, పనిని దానికి అప్పగించును. ఆ బూట్‌లోడరే వీధి తలుపు. రెండు డ్రైవులైనచో ఎవరి తలుపు వారిది. ఒక డ్రైవు చెడినను రెండవది లేచి నిలుచును.

అయితే తలుపు నిజముగా వేరుగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఈ సంగతి నాకు దెబ్బ తిన్న పిమ్మటనే తెలిసినది. మా బంధువుల దుకాణపు యంత్రములో క్రొత్త డ్రైవు బిగించి, పాతదానిని ఊడదీయకయే లినక్సును ఎక్కించితిని. నేను క్రొత్త డ్రైవునే చూపించితిని. కాని స్థాపన కార్యక్రమము బూట్‌లోడరును మాత్రము పాత డ్రైవులో వ్రాసినది. కొన్ని నెలలు ఎవరికిని తెలియలేదు. ఒకనాడు పాత డ్రైవు చెడి బయటకు తీయగా, ఆరోగ్యముగా ఉన్న క్రొత్తదియు మేల్కొనలేదు. పెండ్లికి తొమ్మిది దినములే యున్నవి. ప్రూఫు చూడవచ్చిన పెద్దమనిషి మూడు గంటలు బల్లమీద కూర్చుండెను. ఆయన ఒక్క మాటయు అనలేదు. అదియే నాకు కష్టమైనది.

కావున తొలి పని, ఉన్న దస్త్రములన్నిటికి బయటి డ్రైవులో నకలు తీయుట. విండోసులో బిట్‌లాకరు తాళము వేసి యున్నచో, దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి బీరువాలో పెట్టుకొనవలెను. ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటును తీసివేయవలెను. అది యున్నంతవరకు విండోసు పూర్తిగా నిద్రపోదు, ఆ డ్రైవులో లినక్సు వ్రాయుట క్షేమము కాదు. పిదప యంత్రమును ఆపి, ప్లగ్గు పీకి, పాత డ్రైవు తీగ ఊడదీసి, క్రొత్త ఎస్.ఎస్.డి.ని బిగించి, పెన్‌డ్రైవు నుండి లినక్సును ఎక్కించవలెను. ఈ సమయమున యు.పి.ఎస్. లేకున్నచో మన ప్రాంతపు కరెంటును నమ్మరాదు. పని ముగిసి లినక్సు లేచినదని చూచిన మీదటనే పాత తీగను తిరిగి తగిలించవలెను. పిమ్మట యంత్రము లేచునప్పుడు ఎఫ్ 12 గాని, తయారీదారును బట్టి మరియొక మీట గాని నొక్కినచో, ఏ డ్రైవు కావలెనో అది అడుగును.

అంతయు సరిపోయినను గడియారము పేచీ పెట్టును. యంత్రములోని గడియారమును విండోసు స్థానిక కాలముగా చదువును. లినక్సు దానిని అంతర్జాతీయ కాలముగా ఉంచును. లినక్సు వాడి విండోసులోనికి వచ్చినచో కాలము సరిగా అయిదున్నర గంటలు వెనుకకు పోవును. ఉదయము అయిదు గంటలకు బిల్లు వ్రాయు వ్యాపారికి ముందటి రాత్రి పదకొండున్నర కనబడును, తేదీ మారును, లెక్క తప్పును. ఇంటర్నెట్టు తీసివేసిన విండోసు తనంతట సరిదిద్దుకొనలేదు. గడియారమును స్థానిక కాలమునకు ఉంచుమని లినక్సునకు ఒక్క ఆజ్ఞ యిచ్చినచో తీరిపోవును.

ఇచ్చిపుచ్చుకొనుటలో నొక తేడా కలదు. విండోసు డ్రైవును లినక్సు చదువగలదు. లినక్సు డ్రైవును విండోసు తనంతట చదువలేదు. ఉమ్మడి దస్త్రములు విండోసు వైపుననే ఉంచుట సుకరము. అను ఫాంట్లతో కూర్చిన తెలుగు లినక్సులో అర్థము లేని ఆంగ్లాక్షరములుగా కనబడును, ఏలయన అది యూనికోడు కాదు. 1991 నాటి మొదటి యూనికోడులోనే తెలుగునకు స్థానము కలిగినను, అచ్చు దుకాణములు పాత అలవాటును వదలలేదు. శుభలేఖను పి.డి.ఎఫ్.గా మార్చి పంపినచో అక్షరములు చెదరవు.

మా బంధువుల దుకాణమున యంత్రముపై ఇప్పుడొక చీటి అంటించియున్నది: ఏ మీట నొక్కిన ఏది లేచునో, ఏ డ్రైవున ఏమి యున్నదో అందు వ్రాసితిమి. నెలకొకసారి పాత డ్రైవు తీగ ఊడదీసి, క్రొత్తది ఒంటరిగా లేచుచున్నదా యని చూచుచున్నాము.