ఖజానాకు కాపలా – ఆడిటర్ చతుర్వేది ఉద్యోగ ప్రస్థానం

రైతు కొనే ఎరువు బస్తా మీద, కూలీ కాల్చే బీడీ మీద పన్నుంటుంది. ఆ సొమ్ము ఖర్చయిన తీరును తనిఖీ చేసే అధికారి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాజ్యాంగంలో ఇంతకంటె ముఖ్యమైన అధికారి లేరేమోనని 1949లో రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ అభిప్రాయపడ్డారు. సుప్రీంకోర్టు జడ్జీని తొలగించే పద్ధతిలో తప్ప ఈ అధికారిని తొలగించడానికి వీల్లేదు.

ఈ పదవిని 1984 నుంచి 1990 వరకు నిర్వహించినవారు త్రిలోకీనాథ్ చతుర్వేది. 1950లో రాజస్థాన్ కేడర్ ఐ.ఏ.ఎస్.లో చేరి, కేంద్ర హోం కార్యదర్శి స్థాయికి ఎదిగారు.

1986 మార్చిలో భారత ప్రభుత్వం స్వీడన్‌కు చెందిన బోఫోర్స్ కంపెనీతో ఫిరంగుల కొనుగోలుకు ఒప్పందం చేసుకున్నది. ఒప్పందం విలువ సుమారు 1,437 కోట్ల రూపాయలు. ముడుపులు ముట్టాయని 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో వెల్లడించింది. ఫిరంగి ఎంపికలో, బేరసారాలలో లోపాలను ఎత్తిచూపుతూ చతుర్వేది సమర్పించిన నివేదిక 1989 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చింది. పాలకపక్ష సభ్యులు ఆయనపై విరుచుకుపడ్డారు. ప్రధాని రాజీవ్ గాంధీ రాజీనామా కోరుతూ ప్రతిపక్ష సభ్యులు లోక్‌సభ సభ్యత్వాలు వదులుకున్నారు. వారిలో తెలుగుదేశం సభ్యులూ ఉన్నారు. ఆ ఏడాది నవంబరు ఎన్నికలలో కాంగ్రెస్ మెజారిటీ కోల్పోయింది.

అయితే ఆడిటర్ జడ్జీ కాదు. శిక్ష వేయలేరు, లెక్క చూసి చెప్పడం వరకే ఆయన పని. రాజీవ్ గాంధీపై లంచం అభియోగాన్ని 2004లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 1999 కార్గిల్ యుద్ధంలో ఆ ఫిరంగులే సైన్యాన్ని ఆదుకున్నాయి. సరుకు మంచిదయినంత మాత్రాన బేరం సక్రమంగా జరిగిందా అన్న ప్రశ్న సమసిపోదు.

చతుర్వేది తరువాత భారతీయ జనతా పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. 2002 నుంచి 2007 వరకు కర్ణాటక గవర్నరుగా ఉన్నారు. ఆడిటరుగా పనిచేసినవారు రాజకీయాలలోకి వెళ్లవచ్చునా అని విమర్శలు వచ్చాయి. ఆయన 2020 జనవరిలో కన్నుమూశారు.

ఢిల్లీ లెక్కకూ ఊరి లెక్కకూ సూత్రం ఒక్కటే. పంచాయతీ జమాఖర్చులను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందుంచాలని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చెప్పింది. అడిగేవారుంటేనే ఆ కాగితానికి విలువ.