నట్టే కదా అనుకుంటే... నట్టేట ముంచుతుంది!

యాసంగి వరి కోతకొచ్చిందంటే కామారెడ్డి జిల్లా తాడ్వాయి రోడ్ల మీద ట్రాక్టర్ల సందడే సందడి. (మేడారం జాతర జరిగే తాడ్వాయి వేరు, అది ములుగు జిల్లాలోది.) పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి... ట్రాలీ నిండా వడ్లే. ఆ బరువంతా మోసేది టైర్లే అనుకుంటాం. కానీ ఆ చక్రాల్ని ఊడిపోకుండా పట్టి ఉంచేది మాత్రం గుప్పెడు నట్లూ బోల్టులే!

పట్టు ఎక్కడిది?

నట్టు బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులా వెంట్రుకవాసి సాగుతుంది. మళ్లీ మామూలుగా మారాలన్న ఆ లాగుడే రిమ్మును హబ్బుకు అదిమి పెడుతుంది. బిగింపు తగ్గితే రిమ్ము ఊగులాడుతూ బోల్టు రంధ్రాల్ని కోలగా అరగదీస్తుంది. చివరికి బోల్టులు ఒక్కొక్కటే తెగుతాయి. అలాగని మరీ బిగించినా ముప్పే. హద్దుమీరి సాగిన బోల్టు మళ్లీ వెనక్కి రాదు.

ఎంత బలం?

చాలా చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్‌ మీటర్లు చాలు. అంటే అడుగు పొడవున్న పానా చివర 34 కిలోల బరువు వేలాడదీసినంత. 70 కిలోల మనిషి ఆ పానా మీద నిలబడితే రెండింతలవుతుంది. పైపు తొడిగి పానాను మీటరు పొడవు చేస్తే... దాదాపు ఏడింతలు! భారీ లారీలకైతే 600కు పైనే కావాలి. ఏ బండికైనా కంపెనీ చెప్పిన లెక్కే లెక్క. టార్క్‌ రెంచ్‌తో బిగిస్తే అనుమానమే ఉండదు.

ఇలా బిగించండి

* రిమ్ము, హబ్బు కలిసేచోట మట్టి, తుప్పు గీకేయాలి. సీజనుకు ముందు ట్రాలీకి మందంగా వేసిన రంగు కూడా నలిగి, బిగింపును వదులు చేస్తుంది.

* కంపెనీ చెబితే తప్ప మరలకు గ్రీజు, ఆయిలు పూయొద్దు. అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది.

* ఏటవాలు అంచున్న నట్టయితే ఆ అంచు రిమ్ము వైపే ఉండాలి.

* నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించాలి. తర్వాత వరసగా కాకుండా ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఐదు నట్లుంటే ఒకటి విడిచి ఒకటి.

* ఆఖరి బిగింపు జాకీ దించి, టైరు నేలకు ఆనాకే.

మళ్లీ చూడాల్సిందే!

చక్రం విప్పి బిగించాక కారుకైతే 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మరోసారి పానా వేయాలి. ట్రాలీకైతే 15, 40, 80 కిలోమీటర్ల దగ్గర మూడుసార్లు చూడటం మంచిది. నట్టు చుట్టూ తుప్పు చారలు, రంధ్రం దగ్గర కొత్తగా మెరిసే ఇనుము, కటకటమనే చప్పుడు... ఏది కనిపించినా, వినిపించినా బండి ఆపాల్సిందే.

కెనడాలోని ఒంటారియోలో 1995లో లారీల నుంచి ఊడిన చక్రాలు తగిలి జనం ప్రాణాలు పోయాయి. దాంతో 1997లో చట్టమే చేశారు. భారీ వాహనం చక్రం ఊడితే 50 వేల డాలర్ల దాకా జరిమానా!

మన దగ్గర చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. వడ్లు దించాక తిరుగు ప్రయాణంలో కూలీలు ఎక్కేదీ వాటిలోనే. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసేముందు ఐదు నిమిషాలు పానా పట్టుకుంటే వాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరతారు.