నొప్పి పోయింది... జబ్బు పోయిందా?

“రాత్రి పండుకునేటప్పుడు మంచిగనే ఉంటి సారూ. నడిరాత్రి కాలి బొటనవేలు నిప్పు పెట్టినట్టయింది. దుప్పటి తగిలినా ఓర్వలేకపోయిన.”

జనగామ గుమాస్తా ఒకాయన నాతో అన్న మాటలివి. ఇదే బాధతో వచ్చిన మహబూబాబాద్ మిర్చి రైతు ముల్లు గుచ్చుకుందనుకున్నాడు. భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడు కాలు బెణికిందనుకున్నాడు. ముగ్గురిదీ ఒకటే జబ్బు - గౌట్ అనే కీళ్ళవాతం.

రక్తంలో యూరిక్ యాసిడ్ చాలాకాలం హెచ్చుగా ఉంటే, కొందరిలో అది సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా కీళ్ళలో పేరుకుంటుంది. అవి రేపిన మంటకే కీలు వాచి ఎర్రబడుతుంది. వారం పదిరోజుల్లో నొప్పి దానంతటదే తగ్గవచ్చు. చిక్కంతా ఇక్కడే! నొప్పి పోగానే రోగి మందు మానేస్తాడు. స్ఫటికాలు మాత్రం కీలులోనే ఉంటాయి.

రక్తపరీక్ష చాలదా అని మీరడగవచ్చు. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనిపించవచ్చు. తగ్గిన రెండు వారాలకు మళ్ళీ చూడాలి. ఎక్స్-రేలో మార్పులు కనిపించడానికి ఏళ్ళు పడుతుంది.

అందుకే అల్ట్రాసౌండ్ అక్కరకొస్తుంది. ఇది గర్భిణులకే కాదు, కీళ్ళకూ చేస్తారు. రేడియేషన్ ఉండదు. తెరమీద ఎముక తెల్లని గీతలా, దానిమీది మృదులాస్థి నల్లని పట్టీలా కనిపిస్తాయి. గౌట్‌లో ఆ పట్టీపైన స్ఫటికాలు మరో తెల్లగీత గీస్తాయి. 2015లో అమెరికా, ఐరోపా కీళ్ళవైద్య సంఘాలు గౌట్‌ను గుర్తించే ప్రమాణాల్లో ఈ జంటగీతను చేర్చాయి.

నొప్పి తగ్గాక గుమాస్తాకు ఆ గీత చూపించాను. అప్పటిదాకా “నొప్పి లేదు గదా, మందెందుకు?” అన్న మనిషి మాట్లాడలేదు. మందు మానకుండా వాడాడు. ఏడాదికి మళ్ళీ చూస్తే పైగీత చాలావరకు చెరిగిపోయింది.

అయితే జబ్బు కొత్తలో జంటగీత కనిపించకపోవచ్చు. కీలులోని నీరు తీసి మైక్రోస్కోపులో స్ఫటికాలను చూడటమే అన్నిటికన్నా గట్టి రుజువు. కీలు వాపుతోపాటు జ్వరం వస్తే అది చీము కావచ్చు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కీళ్ళ స్కాన్ వీలుందేమో మీ దగ్గరి ఆసుపత్రిలో అడగండి.

ఇక గుర్తుంచుకోవలసినవి: యూరిక్ యాసిడ్‌ను 6 మిల్లీగ్రాముల లోపుకు దించి, అక్కడే నిలపాలి. మందు మొదలుపెట్టిన కొత్తలో నొప్పి మళ్ళీ రావచ్చు, భయపడి మానకండి. ఒంటిమీద దద్దు లేస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టరును కలవండి. నొప్పి సూదులు, బిళ్ళలు సొంతంగా వాడితే మూత్రపిండాలు చెడతాయి. బీరు, కల్లు, కార్జం, తీపి కూల్‌డ్రింకులు తగ్గించండి. కందిపప్పు, పాలకూర మానేసి పస్తులుండనక్కరలేదు. బి.పి. బిళ్ళల్లో కొన్ని యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. ఆ చీటీ డాక్టరుకు చూపండి. అంతేగాని బిళ్ళ మీరే ఆపకండి సుమా!

నొప్పి పోవడం సగం వైద్యమే. స్ఫటికాలు కరిగితేనే జబ్బు కుదిరినట్టు.